భయపడ్డవారికి బల్ల మీద చోటు

కేతవారిలంక పంటుకి ఎడమ పక్క కమ్మీ విరిగిన వారంలోనే, ఆ ఊరి రేవు సంఘానికి నాయకుడు లేని పరిపాలన వచ్చిపడింది. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదని ఊరంతా అనుకుంది. నూకరత్నం మాత్రం మొదటి రోజు నుంచీ రెండిటినీ ఒకే రకం అనుమానంతో చూసింది. ఆమాటకొస్తే నూకరత్నం దేన్నయినా అనుమానంతోనే చూస్తుంది. ఉరిమితే కరెంటు తీగ తెగి పడుతుందని భయం. ఉరమకపోతే ఎక్కడో కూడబెట్టుకుని ఒక్కసారే ఉరుముతుందని భయం. మొగుడు సూర్రావు కొబ్బరి దింపు తీసే మనిషి కాబట్టి, అతను చెట్టెక్కిన ప్రతిసారీ దిగేదాకా ఆమె కింద నిలబడి మెడ నొప్పులు తెచ్చుకునేది. పెళ్ళయిన కొత్తలో అది ప్రేమనుకున్నాడు పాపం. తర్వాత తర్వాత వేరే ఊళ్ళలోనే దింపులు ఒప్పుకోవడం మొదలుపెట్టాడు.

లంక చుట్టూ గోదావరే. రెండు పడవలు పక్కపక్కన కట్టి, వాటి మీద చెక్కలు పరిచి, ఇంజను బిగించిన పంటు తప్ప అవతలి గట్టుకి వేరే దారి లేదు. నూకరత్నం ఒక్కగానొక్క కూతురు కుందన పదో తరగతి చదువుతోంది. బడి అవతలి గట్టున. పిల్ల పంటెక్కిన దగ్గర్నుంచీ, ఆ పంటు అగ్గిపెట్టంత అయ్యి అవతలి రేవుకి తగిలేదాకా తల్లి రేవులోంచి కదిలేది కాదు.

అలాంటి మనిషి కళ్ళముందే, కొబ్బరికాయల వ్యాపారి వీర్రాజు మోటారు సైకిలు స్టాండు జారి, బస్తాలతో సహా పోయి, అంచున జనం ఆనుకునే కమ్మీ మీద పడింది. తుప్పు పట్టిన కమ్మీ పుటుక్కున విరిగి గోదాట్లో కలిసింది. వీర్రాజు కాయల కోసం లబోదిబోమన్నాడు. నూకరత్నం ఆ ఖాళీకేసి చూస్తూ ఉండిపోయింది. కుందన రోజూ నిలబడేది సరిగ్గా అక్కడే.

"కంగారు పడకమ్మాయ్. ఎల్లుండి వెల్డింగోణ్ణి రప్పిత్తాను. పూటలో అయిపోద్ది" అన్నాడు రేవు సంఘం అధ్యక్షుడు అబ్బులు.

ఆ ఎల్లుండి వచ్చేసరికి అబ్బులు అధ్యక్షుడు కాదు.

వచ్చినాయన పేరు డాక్టర్ ప్రద్యుమ్న. అధినేత లేని పాలనల ప్రోత్సాహక ప్రాధికార సంస్థకి ఆయన రాష్ట్ర అధినేత. రేవులో షామియానా వేశారు. పంటుని పూలదండలతో అలంకరించారు. విరిగిన కమ్మీ దగ్గర ఖాళీ బాగుండదని అక్కడ మాత్రం రెండు దండలు ఎక్కువ కట్టారు.

"సోదర సోదరీమణులారా! తరతరాలుగా మీ నెత్తిన ఒక అధ్యక్షుడు కూర్చున్నాడు. ఈ క్షణం నుంచి మీ మీద ఎవ్వరూ ఉండరు. ఇది నా ఆదేశం" అన్నారు ప్రద్యుమ్న. "మీ సంఘం ఇక బ్లాక్‌చెయిన్ మీద నడుస్తుంది. మీరు తీసుకున్న ప్రతి నిర్ణయం ఒక గొలుసులో లంకెలా చేరుతుంది. దాన్ని మీరు చెరపలేరు, నేను చెరపలేను, ఆ దేవుడు కూడా చెరపలేడు."

గొలుసు అనే మాట వినగానే నూకరత్నానికి జనం పంటెక్కే చెక్కని ఎత్తే గొలుసు గుర్తొచ్చి, అది తెగిందేమోనని అటు తిరిగి చూసింది.

అబ్బులు చెయ్యెత్తాడు. అధ్యక్ష పదవి పోయిన మనిషిలా కాక, లెక్క అర్థంకాని పిల్లాడిలా ఉంది అతని మొహం. "మరి రేపొద్దున్న పంటు కట్టు విప్పమని గంగరాజుకి ఎవరు చెప్తారండే?"

"ఎవ్వరూ చెప్పరు. మీరందరూ ఫోన్లలో తీర్మానిస్తారు."

"రోజూనా అండి?"

"రోజూ. ప్రజాస్వామ్యానికి సెలవు ఉండదు."

పంటు నడిపే సరంగు గంగరాజు లేచాడు. "అంత అవసరం లేదండి బాబూ. పొద్దున్నే జనం వత్తారు, నేను తీసేత్తాను. ఎవరూ చెప్పక్కర్లేదండి."

"దాన్నే నిరంకుశత్వం అంటారు" అన్నారు ప్రద్యుమ్న, కోపం లేకుండా, చంటిపిల్లాడికి చెప్పినట్టు. తర్వాత ప్రోత్సాహకాల న్యాయసూత్రం వివరించారు. నిర్ణయాల్లో పాలుపంచుకున్నవారికి ఫోనులో టోకెన్లు వస్తాయి. ఏ ఇంట్లో ఎక్కువ టోకెన్లుంటే ఆ ఇంటివాళ్ళు పంటు ముందు ఎక్కుతారు, నచ్చిన చోట కూర్చుంటారు. ఊళ్ళోవాళ్ళు ఆ సాయంత్రానికే టోకెన్లకి బిళ్ళలని పేరు పెట్టేశారు.

నచ్చిన చోటంటే అందరికీ నచ్చేది ఒక్కటే. పంటు నడిమధ్య ఇంజను గదిని ఆనుకుని ఒక బల్ల ఉంది. నలుగురో అయిదుగురో పడతారు. గాలొచ్చినా, పంటు ఒరిగినా, దాని మీద కూర్చున్నవాళ్ళకి ఏమీ కాదు. మిగతావాళ్ళంతా అంచుల వెంట నిలబడాల్సిందే.

నూకరత్నం బల్ల మాట విన్నది గానీ ముందు కమ్మీ మాట అడిగింది. "బాబుగారూ, పంటుకి ఎడమ పక్క కమ్మీ లేదండి. పిల్లలు అక్కడ నిలబడతారండి. అదేదో ముందు వేయించేత్తే..."

"అద్భుతం!" ప్రద్యుమ్న చప్పట్లు కొట్టారు. "ఇదే మన మొట్టమొదటి ప్రతిపాదన. ఈ తల్లి పేరు గొలుసులో చిరస్థాయిగా ఉంటుంది."

కమ్మీ ఉండాల్సింది పంటుకి కదా, గొలుసులో తన పేరెందుకని నూకరత్నం అనుకుంది గానీ, పెద్దాయన ముందు పైకి అనలేదు.

నొక్కితే బిళ్ళ వస్తుందని తెలిశాక కేతవారిలంకలో నొక్కని వేలు లేదు. ప్రతిపాదన పెట్టినా బిళ్ళ వస్తుందని తెలిశాక ప్రతిపాదన పెట్టని నోరూ లేదు. పంటుకి పేరు పెట్టాలని ఒకరు, పెట్టిన పేరు మార్చాలని ఇంకొకరు. వీర్రాజుకి ఏ ప్రతిపాదనా తోచక, నూకరత్నం పెట్టిందే తీసుకుని చివర తిరగేసి 'కమ్మీ వేయరాదు' అని పెట్టాడు. జనం చదవకుండా అన్నిటికీ అవునని నొక్కుకుంటూ పోయారు.

కమ్మీ వేయాలనే తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. వేయరాదనే తీర్మానం కూడా ఏకగ్రీవంగానే నెగ్గింది.

ప్రద్యుమ్న పట్నం నుంచి పరిగెత్తుకొచ్చారు. తిడతారని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు. ఆయన కళ్ళు ఆనందంతో చెమ్మగిల్లాయి. "నూటికి నూరు శాతం భాగస్వామ్యం! ఇంత పరిణతి నేనెక్కడా చూడలేదు."

"మరి కమ్మీ సంగతేంటండి?" అంది నూకరత్నం.

"రెండు తీర్మానాలూ గొలుసులోకి వెళ్ళిపోయాయమ్మా. ఏదీ తీయలేం. రెండిటినీ గౌరవించాలి."

రెండిటినీ గౌరవించారు. వేయాలన్నవారి తృప్తికి ఎడమ పక్కన ఏదో ఒకటి కట్టారు. వేయరాదన్నవారి తృప్తికి అది కమ్మీ కాకుండా చూశారు. రోడ్డు పనుల దగ్గర కడతారే, ఎరుపూ తెలుపూ చారల ప్లాస్టిక్ పట్టీ, అది. గాలికి రెపరెపలాడుతుంటే చూడ్డానికి పెళ్ళిపందిరిలా ఉంది. దాన్ని ఆనుకుంటే ఏమవుతుందో నూకరత్నం కళ్ళు మూసుకున్నప్పుడల్లా చూస్తూనే ఉంది.

జనం ఆలోచించకుండా నొక్కుతున్నారని సంస్థ లోతుగా పరిశీలించి, న్యాయసూత్రాన్ని సవరించింది. ఇకమీదట ఎక్కువమంది ఎటు ఓటేశారో అటు వేసినవారికే బిళ్ళలు. తక్కువమంది వైపు వేసినవారి బిళ్ళలు కోత. "దీనివల్ల ప్రతి పౌరుడూ సరైన నిర్ణయం వైపు ఆకర్షితుడవుతాడు" అన్నారు ప్రద్యుమ్న.

కమ్మీ మీద మళ్ళీ ఓటింగు పెట్టారు. రేవు దగ్గర టీ బడ్డీలో మగాళ్ళంతా ఫోన్లు చేతుల్లో పట్టుకుని కూర్చున్నారు.

"నొక్కరా."

"నువ్వు నొక్కు బావా, పెద్దోడివి."

"ఎటు నొక్కుతున్నావో ముందు చెప్పరాదా."

"నువ్వు ఎటు నొక్కితే అటేగా నేను నొక్కేది."

టీలు చల్లారాయి. మళ్ళీ పెట్టించుకున్నారు. అవీ చల్లారాయి. ఆ బడ్డీవాడు ఒక్కడే ఆ పరిపాలన వల్ల బాగుపడ్డాడు.

నూకరత్నం కూడా నొక్కలేదు. కమ్మీ కావాలని లేక కాదు. ఇంట్లో ఉన్న నాలుగు బిళ్ళలూ పోతే, బల్ల మాట దేవుడెరుగు, పిల్ల చిట్టచివర ఎక్కి ఆ పట్టీ పక్కనే నిలబడాలి. ఇంకొందరు నొక్కాక నొక్కుదామని పొయ్యి దగ్గర ఫోను పెట్టుకుని కూర్చుంది. అన్నం అడుగంటింది.

నొక్కిన మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే. నూకరత్నం పక్కింటి కాంతం. కూరగాయల గంప అవతలి గట్టుకి మోసే మనిషి. పామొస్తే చీపురుతో తోసేసి, మళ్ళీ అదే చీపురుతో వాకిలి ఊడ్చుకుంటుంది. "కమ్మీ కావాలా అంటే కావాలనేగా నొక్కేది, ఇందులో ఆలోచించేదేముంది" అని నొక్కేసి గంపెత్తుకుని పోయింది.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. ఓటు వేయనివారే అధికసంఖ్యాకులు కాబట్టి, వేసినామె అల్పసంఖ్యాకురాలు. కాంతం బిళ్ళలన్నీ కోతపడ్డాయి. మర్నాటి నుంచి ఆమె కూతురు బుజ్జి, మూడో తరగతి పిల్ల, అందరి తర్వాత ఎక్కి పట్టీ పక్కన నిలబడసాగింది.

"నీకెందుకొచ్చిన ధైర్యమే" అంది నూకరత్నం.

"నేనేం ధైర్యం చేశానొదినా? అడిగితే చెప్పాను" అంది కాంతం.

ఓటింగులు ఇలా ఎండిపోవడం చూసి సంస్థ న్యాయసూత్రాన్ని రెండోసారి సవరించింది. ఈసారి దాని పేరు ప్రమాద ముందస్తు గ్రహింపు ప్రోత్సాహకం. ఎవరికి ఏ భయమున్నా ఫోనులో నమోదు చేయాలి. కొత్త భయమైతే బిళ్ళ. ఇంతకుముందు ఎవరైనా నమోదు చేసిన భయమైతే నకలు కింద కొట్టివేత. ఆ ప్రమాదం సజీవంగా ఉన్నంతకాలం, భయపడ్డవారికి రోజుకో బిళ్ళ చొప్పున అదనం. పనికిమాలిన ప్రతిపాదనలు తగ్గడానికి, ప్రతిపాదన పెట్టాలంటే బోలెడు బిళ్ళలు పూచీ పెట్టాలనే షరతు కూడా కలిపారు.

"అమ్మా, నువ్వు రోజూ గొణిగేవన్నీ గట్టిగా గొణుగు. నేను టైపు చేత్తాను" అంది కుందన.

పెళ్ళినాటి నుంచీ ఊరు నవ్విన భయాలు, మొగుడు విసుక్కున్న భయాలు, కూతురు చెవులు మూసుకున్న భయాలు, ఆ సాయంత్రం ఒక్కొక్కటీ బయటకొచ్చాయి. కమ్మీ లేనిచోట పిల్లలు జారడం మొదటిది. చెక్క ఎత్తే గొలుసు తెగడం. ఇంజను ఆగడం. ఇంజను ఆగకపోవడం. నడిగోదాట్లో గంగరాజుకి తుమ్ములు రావడం. ఎక్కిన గేదె బెదరడం, ఒక గేదె బెదిరితే రెండోదానికి అర్థమవడం. అవతలి గట్టు రేవు కోసుకుపోవడం. రేవు అక్కడే ఉండి గట్టు కోసుకుపోవడం.

"అమ్మా, నెమ్మదిగా! వేళ్ళు నొప్పెడుతున్నాయి."

"మీ నాన్న ఎప్పుడైనా ఇలా కూర్చుని విన్నాడటే?"

తెల్లారేసరికి కేతవారిలంకలో అందరికన్నా ఎక్కువ బిళ్ళలు నూకరత్నం ఇంట్లోనే ఉన్నాయి. కుందన పంటులో అందరికన్నా ముందు ఎక్కి బల్ల మీద నడిమధ్య కూర్చుంది. గట్టు మీంచి అది చూసిన నూకరత్నం, చాలా ఏళ్ళ తర్వాత, పంటు అవతలికి చేరకముందే ఇంటికెళ్ళి కాఫీ తాగింది.

ప్రద్యుమ్న ప్రత్యేకంగా వచ్చి ఆమెకు శాలువా కప్పారు. అధికారిణి అనే మాట వాడకూడదు గనక, 'అధికారం లేని ప్రధాన భయజ్ఞురాలు' అని బిరుదిచ్చారు. "ఈమె మెదడు ఒక జాతీయ వనరు" అన్నారు. ఆమాట తన మొగుడు విని ఉంటే బాగుండునని నూకరత్నం అటూ ఇటూ చూసింది. సూర్రావు వేరే ఊళ్ళో చెట్టు మీద ఉన్నాడు.

దాంతో ఊరంతా భయపడటం నేర్చుకోవడం మొదలుపెట్టింది. టీ బడ్డీ దగ్గర నిబ్బరంగా మీసం దువ్వుకునే మగాళ్ళు ఆకాశంకేసి చూసి ఉలిక్కిపడటం ప్రాక్టీసు చేశారు. వీర్రాజు తన కొబ్బరికాయే తన నెత్తిన పడుతుందని నమోదు చేశాడు. బిళ్ళ వచ్చింది. తన కాయ అబ్బులు నెత్తిన పడుతుందని మళ్ళీ చేశాడు. దానికీ వచ్చింది. అలా ఊరి జనాభా మొత్తం పూర్తి చేశాడు.

ఒకరోజు కాంతం గంప కింద పెట్టి నూకరత్నం అరుగు మీద కూలబడింది. "ఒదినా, నాక్కూడా నాలుగు భయాలు చెప్పవా."

"నీకా?"

"నాకు రావట్లేదే. రాత్రంతా కూచుని ఆలోచించాను. ఏదనుకున్నా, అయితే ఏం చేత్తాం, చేసుకుందాంలే అనిపిత్తంది. బుజ్జిదేమో రోజూ ఆ పట్టీ పక్కన నిలబడతంది. నువ్వు రోజుకిన్ని భయపడతావు, ఒక్కటి ఇత్తే నీ సొమ్మేం పోతది?"

నూకరత్నం ఆలోచించింది. ఇవ్వాలనే అనుకుంది. ఇస్తే కొత్తవి ఇవ్వాలి. కొత్తవి ఇస్తే కుందనకి రేపేం మిగులుతాయి? "గేదె బెదురుద్దని రాయి" అంది.

కాంతం ఫోనులో పెట్టింది. నకలు, కొట్టివేత.

"పోనీ, పంటు కమ్మీ లేదు, పిల్లలు పడిపోతారని రాయి."

అదీ నకలే. "అదేంటొదినా, అందరికన్నా పెద్ద భయం అదేగా. ముందే ఎవరో రాశారని నాకు భయం లేనట్టేనా?"

నూకరత్నం అరుగు మీద లేని దుమ్ము దులిపింది. ఆ ముందు రాసిన ఎవరో తనే. ఆ ఒక్క భయమే రోజుకో బిళ్ళ పెడుతూ కుందనని బల్ల మీద కూర్చోబెడుతోంది. కాంతం కాసేపు ఆమె మొహంకేసి చూసి, గంపెత్తుకుని వెళ్ళిపోయింది.

పైనుంచి వరద ఎర్రనీళ్ళు దిగాయి. గోదావరి రోజురోజుకీ బరువెక్కుతోంది. అబ్బులు గొడుగేసుకుని వచ్చాడు. అధ్యక్షుడు కాకపోయినా అలవాటు పోలేదు. పొద్దున్నా సాయంత్రం రేవులో తిరిగి, ఎవరికీ ఏమీ చెప్పకుండా తనలో తనే చెప్పుకుంటున్నాడు.

"అమ్మాయ్, కమ్మీ ప్రతిపాదన మళ్ళీ పెట్టాలి. పూచీ పెట్టడానికి సరిపడా బిళ్ళలున్నది ఊళ్ళో నీ ఒక్కదాని దగ్గరే. నువ్వు పెట్టు. ఓట్లు నేను ఇంటింటికీ తిరిగి కాళ్ళు పట్టుకుని వేయిత్తాను."

"పెట్టాక జనం నొక్కకపోతే, బాబాయ్?"

"నీ బిళ్ళలు పోతాయి."

"నొక్కితే?"

"కమ్మీ పడుద్ది. కమ్మీ పడితే ఆ ప్రమాదం చచ్చినట్టే కదా. దాని మీద వచ్చేయి ఆగిపోతాయి."

ఎటు చూసినా కుందన బల్ల దిగాల్సిందే. నూకరత్నం చీర చెంగు వేలికి చుట్టింది, విప్పింది. "వానలు తగ్గనీ బాబాయ్. తగ్గాక పెడదాం."

అబ్బులు ఆమెను వింతగా చూశాడు. అందరికన్నా ముందు కమ్మీ అడిగిన మనిషి, వానలు తగ్గాక అంటోంది. "నీకు భయం తగ్గిందా అమ్మాయ్?" అన్నాడు.

భయం తగ్గలేదు. దానికి జీతం మొదలైంది.

మర్నాడు పొద్దున్న గాలి గట్టిగా ఉంది. పంటు కట్టు విప్పాలా వద్దా అని ఓటింగు పెట్టారు, ఎవరూ నొక్కలేదు. గంగరాజు ఎప్పట్లాగే నిరంకుశంగా విప్పేశాడు. నూకరత్నం గట్టు మీద నిలబడి చూస్తోంది. కుందన బల్ల మీద ఉంది. కాంతం గంప దించి పట్టీకి రెండడుగుల వెనక నిలబడింది. పట్టీ పక్కన బుజ్జి, తన ఎత్తుకి మించిన నీలం సంచీ వేసుకుని.

పంటు కొంతదూరం వెళ్ళాక కుందన లేచింది. బుజ్జి చెయ్యి పట్టుకుని తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది. తను వెళ్ళి పట్టీ పక్కన నిలబడింది.

"ఒసేయ్! కుందనా! కూచోవే!" నూకరత్నం అరిచింది. గాలి ఆ అరుపుని లంక వైపే తోసేసింది.

నడిమధ్యకు పోయాక సుడిలాంటిదేదో తగిలింది. పంటు ఎడమ పక్కకి ఒరిగింది. పట్టీ తెగి గాలిలోకి లేచింది. జనం అరుపులు గట్టుదాకా వినపడ్డాయి. పంటు మళ్ళీ లేచి సర్దుకునేసరికి, ఎర్రనీళ్ళలో నీలంగా ఒకటి తేలుతూ కిందికి పోతోంది.

కుందన సంచీ నీలం. బడిలో పిల్లలందరికీ ఇచ్చిన సంచులూ నీలమే. కుందన లంగా కూడా నీలమే.

నూకరత్నం నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళదాకా, నడుందాకా. అబ్బులు వెనకనుంచి పట్టుకుని లాగాడు. "ఆగు తల్లీ, ఆగు!" పంటు అవతలికి పోవాలి, జనాన్ని దించాలి, మళ్ళీ రావాలి. అంతసేపూ ఆ మనిషికి ఒక్క కొత్త భయం కూడా రాలేదు. ఎప్పట్నుంచో ఉన్న ఒకే ఒక్క భయం, మొట్టమొదట నమోదు చేసింది, అదే మిగిలింది.

పంటు తిరిగొచ్చింది. చెక్క దించకముందే కాంతం దూకింది. ఆమె చేతిలో కుందన చెయ్యి ఉంది. పిల్ల తడిసి వణుకుతోంది, జడ సగం ఊడింది.

"సంచీ పోయిందొదినా. అంతే" అంది కాంతం రొప్పుతూ. "అంచుదాకా జారింది. జడ చేతికి దొరికింది. గట్టిగానే లాగాను, నొప్పెట్టుంటాది."

నూకరత్నం కూతుర్ని పట్టుకుని ఏడ్చింది, కొట్టింది, మళ్ళీ పట్టుకుంది. "బల్ల ఎందుకు దిగావే! అన్ని భయాలు పడి నీకు ఆ చోటు తెచ్చాను కదే!"

"బుజ్జిది రోజూ అక్కడే నిలబడతందమ్మా. రోజూ చూత్తూ ఎలా కూచోను?" అంది కుందన.

కాంతం చెమట తుడుచుకుంది. అప్పుడు చూసింది నూకరత్నం, ఆమె గంప పంటులోనే వదిలేసి రావడం. "ఒదినా, ఇయ్యాళ నాకు భయమేసింది" అంది కాంతం. "నిజం భయమే. రాయనా? నకలంటారేమో."

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుని, అదే తడి చీరతో పంటెక్కింది. "గంగరాజూ, అవతలికి పోనీ."

"ఎవరున్నారక్కా, ఖాళీగా..."

"పోనీమన్నానా!"

అవతలి గట్టున వెల్డింగు షాపులో కుర్రాణ్ణి, అతని సామానునీ, ఒక ఇనపగొట్టాన్నీ పంటెక్కించింది. పంటు రేవులో కట్టేసి ఉండగానే పని మొదలైంది. నిప్పురవ్వలు చూసి ఊరు ఊరంతా గట్టుకి చేరింది.

"తీర్మానం లేకుండానా అమ్మాయ్?" అన్నాడు అబ్బులు. అడగాలి కాబట్టి అడిగాడు. అడుగుతూనే గొట్టం రెండో కొస పట్టుకున్నాడు.

"నాకు భయమేసింది బాబాయ్, అంతే."

అబ్బులు ఎల్లుండికి అయిపోద్దన్న పని, ఇన్నాళ్ళ తర్వాత, అన్నం వేళకి అయిపోయింది.

అన్నం వేళ దాటకముందే ఊరంతా ఫోన్లు తీసి గగ్గోలు పెట్టింది. కమ్మీ లేకపోవడం మీద రకరకాలుగా భయపడి రోజుకో బిళ్ళ తింటున్న వాళ్ళందరికీ ఒక్కసారే ఆగిపోయాయి. పంటు ఎడమవైపు తన బస్తాలు పడతాయని, అబ్బులు పడతాడని, అత్తగారు పడతారని విడివిడిగా భయపడ్డ వీర్రాజుకి అందరికన్నా పెద్ద దెబ్బ. "మా పొట్ట కొట్టింది" అని గట్టు మీద గంతులేశాడు. "ఊరందరి ప్రమాదాన్ని ఒక్కత్తే ఎలా తీసేత్తాది?"

మర్నాడు ప్రద్యుమ్న వచ్చారు. శాలువా తేలేదు. కమ్మీ దగ్గర నిలబడి, చచ్చిన మనిషిని చూసినట్టు చూశారు.

"అమ్మా, మీరు చేసింది అనధికార భద్రత. సజీవంగా ఉన్న ప్రమాదాన్ని, సమాజపు ఉమ్మడి ఆస్తిని, ఒక్క వ్యక్తి నిర్ణయంతో చంపేశారు. మీ మీద మేం ఎంత నమ్మకం పెట్టుకున్నాం!"

"పిల్ల పడిపోబోయిందండి."

"పడలేదు కదా. పడి ఉంటే వ్యవస్థ దాన్ని గుర్తించి ఉండేది."

కాంతం గంప ధన్‌మని కింద పెట్టింది. ఆమె కళ్ళు చూసి ప్రద్యుమ్న రెండడుగులు వెనక్కి వేశారు. వీపుకి కమ్మీ తగిలింది. రెండు చేతులా దాన్ని గట్టిగా పట్టుకుని నిలబడే తీర్పు చెప్పారు. నూకరత్నం బిళ్ళలన్నీ కోత. బిరుదు రద్దు. అయితే కమ్మీని తీసేయమని ఆదేశించే అధికారం తమకు లేదు, ఎందుకంటే ఇక్కడ ఎవరికీ ఏ అధికారమూ లేదు. అందుచేత కమ్మీని కోసి తీసేసి యథాస్థితి నెలకొల్పాలనే ప్రమాద పునరుద్ధరణ ప్రతిపాదనను, సంస్థ పూచీ మీద, అక్కడికక్కడే ఓటింగుకి పెట్టారు. సంస్థ ప్రతిపాదనకి గడువు ఉండదు. ఎక్కువమంది ఎటు నొక్కితే అది గొలుసులో శాశ్వతం.

అందరూ ఫోన్లు తీశారు.

"నొక్కరా వీర్రాజూ. నీదేగా ఎక్కువ నష్టం."

"ముందు నువ్వు నొక్కు బావా."

వీర్రాజు తల గోక్కున్నాడు. వేలు తెర దాకా పోయింది. చుట్టూ చూశాడు. ఎవరి వేలూ ఆనలేదు. తన వేలూ వెనక్కి తీసుకున్నాడు. ఒక్కడే నొక్కి కాంతంలా అల్పసంఖ్యాకుడు కావడానికి అతనేం వెర్రివాడు కాదు.

ఆ ఓటింగు ఇంకా నడుస్తూనే ఉంది. టీ బడ్డీవాడు రేకుల షెడ్డు తీసేసి స్లాబు వేయించుకున్నాడు. ప్రద్యుమ్న ఆ నమూనాని దేశమంతటికీ చూపిస్తున్నారట, కేతవారిలంకలో ప్రజలు ఒక నిర్ణయాన్ని ఎంత లోతుగా ఆలోచిస్తున్నారో చూడండని. కమ్మీ మాత్రం దాని చోట అది ఉంది.

నూకరత్నం ఇప్పుడు గట్టు మీద నిలబడటం మానేసి, రోజూ కుందనతో పాటే పంటెక్కుతోంది. బిళ్ళలు లేవు గనక అందరికన్నా చివర ఎక్కుతుంది. ఒక పక్క కాంతం, ఒక పక్క ఆమె, మధ్యలో పిల్లలిద్దరూ, ఎడమ అంచునే నిలబడతారు. పంటు కదలగానే నూకరత్నం రెండు చేతులా కమ్మీ పట్టుకుని బలంకొద్దీ ఊపి చూస్తుంది.

"గంగరాజూ, ఈ అతుకు గట్టిదేనంటావా?"

"రోజూ అదే అడుగుతావేంటక్కా? ఏనుగు వచ్చి ఆనుకున్నా ఊడదు."

నూకరత్నం చెయ్యి ఆగింది. "ఏనుగా? ఏనుగు ఎందుకెక్కుద్దిరా పంటు?" అని వెనక్కి తిరిగి రేవుకొచ్చే దారి వెంట, కొబ్బరిచెట్ల సందుల్లోకి, చాలాదూరం దాకా కళ్ళు చికిలించి చూసింది.